రిట్రీట్‌కి వెళ్లాలా, వద్దా? ముందు మిమ్మల్ని అడిగారా లేదా చూసుకోండి!

నోటీసు బోర్డు మీద నాలుగు లైన్ల సర్క్యులర్ పడుతుంది. ‘ఫైనలియర్ విద్యార్థులకు మూడు రోజుల స్పిరిచ్యువల్ రిట్రీట్. ఫోన్లు అనుమతించబడవు. హాజరు తప్పనిసరి.’ గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వైపు మిషనరీ విద్యాసంస్థల్లో చదివినవాళ్లకి ఇలాంటి నోటీసు కొత్తేమీ కాదు. ఎక్కువగా ఇది పరీక్షల ముందు, జనవరి ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంటి దగ్గర మిరప కోతలు నడుస్తుంటాయి. కల్లంలో కాయ ఆరబోసి ఉంటుంది. ‘మూడు రోజులు సెలవైతే ఇంటికి రారా, కూలీలు దొరకట్లేదు’ అని నాన్న ఫోన్ చేస్తాడు. ఇంకోవైపు ప్లేస్‌మెంట్ డ్రైవ్ టెన్షన్. ఈ మధ్యలో రిట్రీట్.

క్లాసులో సగం మందికి సంతోషం. మూడు రోజులు పాఠాలుండవు కదా! కొందరికి నిజంగా భక్తి. ఇంకొందరికి మాత్రం లోపల ఒక గుబులు. ‘నేను హిందువుని, వెళ్లకపోతే ఇంటర్నల్ మార్కులు కోస్తారా?’ ‘నాది ఎస్సీ సర్టిఫికెట్, అక్కడికి వెళ్తే రేపు ఉద్యోగం దగ్గర ఇబ్బంది వస్తుందా?’ ‘నాకు నిద్ర పట్టట్లేదు, అక్కడికి వెళ్తే తగ్గుతుందా?’ ఈ ప్రశ్నలు ఎవరూ పైకి అడగరు. అడిగినా సరైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వారం దీని గురించి మాట్లాడుకుందాం.

ముందుగా నా సంగతి. మాది మిర్చి పండించే ఇల్లు. ఇంటర్ ఒక క్రైస్తవ సంస్థ నడిపే కాలేజీలో చదివాను. అక్కడ నేను వెళ్లిన రిట్రీట్‌లో నన్ను ఎవరూ ‘వస్తావా?’ అని అడగలేదు. రాకపోతే ఇంటర్నల్స్‌లో చూసుకుంటామని మాత్రం ఒక సార్ అన్నారు. దాంతో మొదటి రోజంతా కోపంగానే కూర్చున్నాను. రెండో రోజు ఒక గంట మౌనంగా చెట్టు కింద కూర్చోమన్నారు. ఒక కాగితం ఇచ్చి, గత ఏడాదిలో మీరు చేసిన ఒక తప్పు, మీకు జరిగిన ఒక మేలు రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు అన్నారు. ఆ గంటలో ఎంపీసీ తీసుకున్నది నాకోసం కాదు, మా బావని చూసి అని మొదటిసారి నాకు నేను ఒప్పుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అంటే ఒకే రిట్రీట్‌లో ఒక తప్పూ చూశాను, ఒక మంచీ చూశాను. నన్ను అడిగి తీసుకెళ్లి ఉంటే ఆ మొదటి రోజు వృథా అయ్యేది కాదు.

అసలు ఈ రిట్రీట్ ఎక్కడిది?

రోజువారీ పనుల్లోంచి కొన్ని రోజులు పక్కకు తప్పుకొని, మౌనంగా ప్రార్థన, ధ్యానం, ఆత్మపరిశీలన చేసుకోవడమే రిట్రీట్. ఈ రోజు క్యాథలిక్ స్కూళ్లు, కాలేజీల్లో కనిపించే పద్ధతికి మూలం ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిన్ సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచంలో ఉన్న ఆ నెలల్లో తన మనసు ఎటు పోతోంది, ఏ ఆలోచన తర్వాత సంతోషం మిగులుతోంది, ఏ ఆలోచన తర్వాత చేదు మిగులుతోంది అని గమనించడం మొదలుపెట్టాడు. ఆ అనుభవంతో రాసుకున్న ‘స్పిరిచ్యువల్ ఎక్సర్‌సైజెస్’కి 1548లో పోప్ ఆమోదం వచ్చింది. పూర్తిగా చేస్తే అది దాదాపు నెల రోజుల సాధన. మన విద్యార్థులకి పెట్టే రెండు మూడు రోజులది దాని పొట్టి రూపం. ఆయన మొదలుపెట్టిన జెస్యూట్ సంఘమే విజయవాడలో ఆంధ్రా లొయోలా కాలేజీని నడుపుతోంది. లూథరన్, బాప్టిస్టు సంస్థల్లో పద్ధతి వేరు. అక్కడ మౌనం తక్కువ, బైబిల్ స్టడీ, పాటలు, సాక్ష్యాలు, గ్రూప్ చర్చలు ఎక్కువ.

ఇందులో చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. రిట్రీట్ నడిపే వ్యక్తికి ఇగ్నేషియస్ పెట్టిన షరతు ఇది: సాధన చేస్తున్నవాడిని ఏ నిర్ణయం వైపూ నెట్టకూడదు. తక్కెడ ముల్లులా మధ్యలో నిలబడాలి. ఎటు మొగ్గాలన్నది సాధకుడికీ, దేవుడికీ మధ్య విషయం. మరోలా చెప్పాలంటే బలవంతపు రిట్రీట్ రాజ్యాంగానికి విరుద్ధం కావడం తర్వాత సంగతి, ముందు అది రిట్రీట్ పద్ధతికే విరుద్ధం.

మన నేల మీద పాత పాఠం

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో చదువుకీ మిషన్లకీ ఉన్న సంబంధం చాలా పాతది. లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు. ఆ మిషన్ కృషిలోంచే 1885లో ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ పుట్టింది. మనం ఏసీ కాలేజీ అని పిలిచేది దాన్నే. ఎన్టీ రామారావు డిగ్రీ చదివింది అక్కడే. అన్ని మతాల పిల్లలూ ఆ బెంచీల మీద కూర్చునే చదివారు. ఇప్పటికీ ఈ జిల్లాల్లో ‘కాన్వెంట్’ అంటే మతం గుర్తుకు రాదు, క్రమశిక్షణ, ఇంగ్లిష్ గుర్తొస్తాయి.

ఒంగోలు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు ఆయనకి సర్వే పని తెలుసు. అంటే ఒక రకంగా మన సివిల్ బ్రాంచే! 1876–78 మధ్య భయంకరమైన కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు పనులు జరిగినంత కాలం ఆపేశాడు. తిండి కోసం వచ్చారా, నమ్మకంతో వచ్చారా తేల్చుకోకుండా ఇవ్వడం సరికాదని ఆయన లెక్క. కరువు తగ్గాక, సాయం ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్య గురించి చరిత్రలో చాలా చర్చ ఉంది. ఎక్కువమంది అంటరానితనం భరించిన మాదిగలు. వాళ్లకి అందులో దేవుడితో పాటు గౌరవం, బడి, చదువు కూడా కనిపించాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ సంఖ్య గురించి కాదు, దానికి ముందున్న విరామం గురించి. అవసరంలో ఉన్న మనిషి ‘సరే’ అంటే అది పూర్తి అంగీకారం కాదని ఆ మిషనరీకి తెలుసు. ఇంటర్నల్ మార్కుల అవసరంలో ఉన్న విద్యార్థి ‘సరే’ అన్నా అంతే.

రాజ్యాంగం ఏమంటోంది?

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఇది రెండు రకాలుగా చదువుకోవచ్చు. పాలిటీ సబ్జెక్టుగా ఒకటి, సొంత హక్కుగా ఇంకొకటి.

ఆర్టికల్ 30(1) ప్రకారం మైనారిటీలు తమకి నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకోవచ్చు, నడుపుకోవచ్చు. కాబట్టి క్రైస్తవ కాలేజీ తన ఆవరణలో రిట్రీట్ పెట్టడంలో తప్పు లేదు. అది ఆ సంస్థ హక్కు. ఆర్టికల్ 28(1) ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ ఉండకూడదు. ఇక మనకి ముఖ్యమైనది ఆర్టికల్ 28(3). ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ అయినా, ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థ అయినా, అందులో చదివే ఎవరినీ మతబోధకి గానీ, ఆరాధనకి గానీ అంగీకారం లేకుండా హాజరు కావాలని అనకూడదు. విద్యార్థి మైనర్ అయితే ఆ అంగీకారం తల్లిదండ్రులో సంరక్షకులో ఇవ్వాలి.

ఇక్కడ రెండు మాటలు గమనించండి. ఒకటి, ‘గుర్తింపు’. ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీకి కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. రెండు, ‘మైనర్’. ఇంటర్ పిల్లల విషయంలో అమ్మానాన్నల మాట కావాలి. డిగ్రీలో, బీటెక్‌లో 18 నిండిన మీ విషయంలో మీ మాటే కావాలి. మీ తరఫున కాలేజీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లూ చెప్పలేరు. క్రైస్తవ విద్యార్థికి కూడా ఇదే హక్కు ఉంది. క్రైస్తవుడైనంత మాత్రాన ప్రతి రిట్రీట్‌కీ తప్పనిసరిగా రావాలని లేదు.

మనస్సాక్షి గురించి సుప్రీంకోర్టు చెప్పిన పెద్ద తీర్పు 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో జెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడ్డారు, కానీ పాడలేదు. బడి నుంచి పంపేశారు. వాళ్లని తిరిగి చేర్చుకోమని కోర్టు ఆదేశించింది. గౌరవంగా నిలబడటం వేరు, మనసు ఒప్పుకోని మాట పలకడం వేరు అన్న తేడా ఆ తీర్పులో ఉంది. రిట్రీట్‌లోనూ మనకి పనికొచ్చే తేడా ఇది. మర్యాదగా కూర్చోవచ్చు. మోకరించాలా, పాట పాడాలా, ప్రార్థనలో పాలుపంచుకోవాలా అన్నది మీ ఇష్టం.

ఈ సూత్రం ఒక్క క్రైస్తవ సంస్థలకే అనుకోకండి. గుర్తింపు ఉన్న కాలేజీ ఏ మతానిదైనా, అక్కడ జరిగేది పూజైనా, హోమమైనా, నమాజైనా ఇదే మాట వర్తిస్తుంది. మన మతం కార్యక్రమం అయితే ‘సంస్కారం’, పక్కవాళ్లది అయితే ‘ప్రచారం’ అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. నాకూ ఉండేది.

సర్టిఫికెట్ భయం: ఎంత నిజం?

ఇక అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న. ఎస్సీ సర్టిఫికెట్ ఉన్న విద్యార్థి రిట్రీట్‌కి వెళ్తే ఏమవుతుంది?

చట్టం ఇలా ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి ఉంది. క్రైస్తవంలోకి మారినవాళ్లకి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల పిల్లలు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సీది 1 శాతం. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లకి ఈ తేడా అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

ఇటీవలి తీర్పులు ఈ భయాన్ని పెంచాయి. 2024 నవంబర్ 26న పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని క్రైస్తవాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడాన్ని తప్పుబట్టింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా దగ్గరిది. ఉమ్మడి గుంటూరు జిల్లా పిట్టలవానిపాలెం మండలం నుంచి వచ్చిన కేసు అది. పదేళ్లుగా పాస్టర్‌గా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేశారు. క్రైస్తవంలోకి మారాక ఆ చట్టం రక్షణ వర్తించదని, సర్టిఫికెట్ రద్దు కాకుండా చేతిలో ఉన్నా సరే వర్తించదని కోర్టు చెప్పింది.

మరి రిట్రీట్‌కి వెళ్లడం మతం మారడమేనా? కాదు. ఈ రెండు కేసుల్లో ఉన్నది ఒకరి బాప్తిస్మం, ఒకరి పదేళ్ల పాస్టర్ పని. కాలేజీ పెట్టిన మూడు రోజుల కార్యక్రమంలో కూర్చోవడం కాదు. ఇటువైపు తీర్పులు కూడా ఉన్నాయి. 2021లో మద్రాసు హైకోర్టు, క్రైస్తవుడిని పెళ్లి చేసుకున్న ఒక ఎస్సీ వైద్యురాలి సర్టిఫికెట్ రద్దును కొట్టేసింది. క్లినిక్‌లో సిలువ ఉన్నంత మాత్రాన, చర్చికి వెళ్లినంత మాత్రాన మతం మారినట్టు కాదని చెప్పింది. 2023లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, ఇంట్లో యేసు ఫొటో ఉందని విద్యార్థి కుల ధ్రువీకరణ నిరాకరించడం చెల్లదంది.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. హాజరు కావడం, వినడం, మౌనంగా కూర్చోవడం ఒక మెట్టు. బాప్తిస్మం లేదా జ్ఞానస్నానం తీసుకోవడం, చర్చి రిజిస్టర్‌లో పేరు చేరడం పూర్తిగా వేరే మెట్టు. రెండోది జీవితకాలపు నిర్ణయం. దానికి చట్టపరమైన ఫలితాలున్నాయి. రిట్రీట్ చివరి రోజు పాటల మధ్య, కన్నీళ్ల మధ్య, స్నేహితులందరూ చేతులెత్తుతుంటే తీసుకోవాల్సిన నిర్ణయం అది కాదు. ఇంటికి వెళ్లండి, రెండు మూడు నెలలు ఆగండి. నమ్మకం నిజమైతే అది ఆగుతుంది. క్లౌ నెలల తరబడి ఆపింది ఇందుకే కదా.

ఇందులో ఒక నొప్పి ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఆదివారం చర్చికి వెళ్తూ, కాగితం మీద హిందువుగా ఉండాల్సి వస్తున్న స్నేహితులు నాకున్నారు. మతం మారినా పల్లెలో వాళ్ల ఇల్లు అదే పేటలో ఉంది, ఊరి చూపు కూడా అదే. నమ్మకాన్ని పైకి చెప్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం కోసం దాస్తే నిజాయితీ పోతుంది. ఈ చిక్కుముడి వాళ్లు వేసింది కాదు. మతం మారిన దళితులకి ఎస్సీ హోదా ఇవ్వొచ్చా అన్నది పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబర్‌లో జస్టిస్ కేజీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులకి ఆ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. చట్టం మారాలో లేదో చర్చించండి, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి. కానీ అప్లికేషన్ నింపేటప్పుడు ఈ రోజు ఉన్న చట్టాన్ని బట్టే నింపండి. అనుమానం ఉంటే స్నేహితుడిని కాదు, లాయర్‌ని అడగండి.

రిట్రీట్ వేరు, కౌన్సెలింగ్ వేరు

కొన్ని కాలేజీలు ‘మా పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఏటా రిట్రీట్ పెడుతున్నాం’ అని చెప్పుకుంటాయి. మంచిదే, కానీ సరిపోదు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయకూడదు. అందరి ముందు అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి.

మీ కాలేజీలో ఇవి ఉన్నాయా? లేకపోతే రిట్రీట్ వాటికి బదులు కాదు. ఫాదర్ గారో, సిస్టరో, పాస్టర్ గారో మీ మాట ప్రేమగా వినొచ్చు. చాలామందికి అది నిజంగానే ఊరట. కానీ వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, చావాలన్న ఆలోచన... వీటికి శిక్షణ పొందినవాళ్లు కావాలి. మిర్చి రేటు పడిపోయిన ఏడాది మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో ధర పతనమై, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకి 11,781 రూపాయల రేటు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఫీజు బాకీ, అప్పు, ‘నువ్వు ఉద్యోగం తెస్తే గానీ’ అనే మాట అన్నీ కలిసి పిల్లల మీద పడతాయి. దాన్ని ‘విశ్వాసం తక్కువైంది’ అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. టెలి-మానస్ నంబర్ 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఉద్యోగ వేటలో ఏం పనికొస్తుంది?

మీరు నమ్మినా నమ్మకపోయినా రిట్రీట్‌లో వాడే కొన్ని పద్ధతులు బాగా పనికొస్తాయి. మౌనం, ఆత్మపరిశీలన ఒక్క మతం సొత్తు కాదు. పల్నాడు పక్కనే నాగార్జునసాగర్‌లో విపశ్యన కేంద్రం ఉంది. పది రోజులు మాట్లాడకుండా కూర్చోబెడతారు, ఫీజు ఉండదు. గూగుల్‌లో చాడ్ మెంగ్ టాన్ అనే ఇంజినీర్ 2007లో ఉద్యోగుల కోసం ధ్యానం ఆధారంగా ఒక కోర్సు మొదలుపెట్టాడు. ఏఐసీటీఈ కూడా కొత్త బీటెక్ విద్యార్థులకి మూడు వారాల ఇండక్షన్ పెట్టి, అందులో మానవ విలువల పాఠాలు చేర్చింది.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇగ్నేషియస్ చెప్పిన నిర్ణయ పద్ధతి. దాన్ని మన భాషలోకి మార్చి చెప్తాను. బెంగళూరులో రెండేళ్ల బాండ్‌తో సపోర్ట్ జాబ్ వచ్చింది. ఇంట్లో గ్రూప్స్ రాయమంటున్నారు. ఏం చేయాలి?

ముందు, ఏది వచ్చినా సరే అన్నంత ఖాళీగా మనసుని పెట్టుకోండి. కష్టమే, ప్రయత్నించండి. తర్వాత కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఉద్యోగంలో చేరితే లాభాలు, చేరితే నష్టాలు, చేరకపోతే లాభాలు, చేరకపోతే నష్టాలు. ఎక్కువ పాయింట్లు ఎటున్నాయని కాదు, బరువైన కారణం ఎటుందో చూడండి. అప్పటికీ తేలకపోతే, మీకు అస్సలు పరిచయం లేని కుర్రాడు ఇదే సమస్యతో వచ్చాడనుకోండి. అతని మంచి కోరి మీరు ఏం చెప్తారు? అదే మీరు పాటించండి. ఇంకోటి, జీవితం చివర్లో వెనక్కి తిరిగి చూస్తే ఏది చేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది?

వీటికి తోడు ఒక హెచ్చరిక కూడా ఉంది. మనసు చీకటిగా ఉన్నప్పుడు, నీరసంలో ఉన్నప్పుడు, అంతకుముందు స్థిమితంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. వరసగా మూడు ఇంటర్వ్యూల్లో రిజెక్ట్ అయిన రాత్రి ‘ఇక ఈ ఫీల్డే వద్దు’ అనుకుంటాం చూడండి, ఆ రాత్రి కోసమే ఈ మాట.

రోజూ రాత్రి పది పదిహేను నిమిషాలు ఆ రోజుని తిరగేసుకోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఏం బాగా జరిగింది, ఎక్కడ తడబడ్డాను, రేపు ఏం మార్చాలి. నెల రోజులు చేసి చూడండి. హెచ్‌ఆర్ రౌండ్‌లో ‘మీ బలహీనత ఏంటి?’ అంటే ‘పర్ఫెక్షనిస్ట్‌ని’ అనే అరిగిపోయిన జవాబు మీకు అవసరం ఉండదు.

రెజ్యూమెలో రాయాలా? హాజరైనంత మాత్రాన రాయక్కర్లేదు. రిట్రీట్ నిర్వహణలో పనిచేసి ఉంటే, 200 మందికి భోజనాలు చూశారు, బస్సులు మాట్లాడారు, బడ్జెట్ రాశారు అనుకోండి, ఆ పని రాయండి. అడిగితే అంకెలతో చెప్పగలగాలి. మీ మతం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది అవసరం లేదు.

వెళ్లే ముందు ఈ ఐదు అడగండి

1. అంగీకార పత్రం ఉందా? అందులో ‘రాను’ అనే ఆప్షన్ కూడా ఉందా? సంతకం మాత్రమే అడిగే పత్రం అంగీకారం కాదు.

2. రానివాళ్లకి ఆ మూడు రోజులు ఏంటి? లైబ్రరీయా, క్లాసులా? హాజరు, మార్కులు తగ్గవని నోటీసులోనే రాయమని అడగండి.

3. కార్యక్రమం ఏంటి? ఎంత భాగం ప్రార్థన, ఎంత భాగం కెరీర్ లేదా విలువల చర్చ? టైమ్‌టేబుల్ ముందే ఇవ్వమనండి.

4. ఖర్చెంత, ఎవరిది? కోతల సీజన్‌లో, రేటు లేని ఏడాదిలో వెయ్యి రూపాయలు కూడా ఇంట్లో ఒక లెక్కే. కట్టలేనివాళ్లని అందరి ముందు నిలబెట్టకుండా ఏర్పాటు ఉందా?

5. ఫోన్లు తీసుకుంటే ఇంటివాళ్లకి అత్యవసర నంబర్ ఇస్తారా? అమ్మాయిలతో మహిళా సిబ్బంది ఉంటారా?

అడిగేటప్పుడు గొడవలా కాకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, రాతపూర్వకంగా మర్యాదగా అడగండి. ‘మేడమ్, మేం రావడానికి సిద్ధమే. రాలేని స్నేహితుల గురించి ఒక స్పష్టత కావాలి’ అంటే చాలు. నాకు తెలిసినంతలో మంచి ఫాదర్లు, సిస్టర్లు, ప్రిన్సిపాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. బలవంతంగా వచ్చి వెనక బెంచీలో కునికే యాభై మంది కంటే ఇష్టపడి వచ్చిన ఇరవై మంది నయమని రిట్రీట్ నడిపినవాళ్లకి బాగా తెలుసు.

మీలో కొందరు రేపు లెక్చరర్లు, టీచర్లు, వార్డెన్లు, కాలేజీ నడిపేవాళ్లు అవుతారు. అప్పుడు నోటీసు రాసే పెన్ను మీ చేతిలో ఉంటుంది. ‘హాజరు తప్పనిసరి’ అని రాసే ముందు ఒక్కసారి ఆగి, ‘ఇష్టమైనవారు పేరు ఇవ్వండి’ అని మార్చండి. ఆ మూడు రోజుల్లో ఏదైనా మంచి జరగాలంటే అది ఆ మార్పుతోనే మొదలవుతుంది.